తరమణిలో దిగిన పాఠకురాలికి

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన వ్యాసం అందింది. ప్రింటు తీయించుకుని రెండుసార్లు చదివాను. ఫోన్లో చదివితే కళ్లు లాగుతున్నాయి, పైగా పక్కన పెన్సిల్ గీతలు పెట్టకుండా నేను ఏదీ చదవలేను. రాబర్ట్ జోర్డన్ మొదలుపెట్టిన ఇంగ్లీషు ఫాంటసీ నవలల వరస 'వీల్ ఆఫ్ టైమ్' పద్నాలుగు సంపుటాలూ పూర్తిచేసి పద్నాలుగు పేజీలు రాశావు. సంపుటానికో పేజీ అనే లెక్క ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావో గానీ, అదే నిన్ను ముంచింది. పదకొండు పేజీల నిండా కథే. మిగిలిన మూడింట్లో 'అద్భుతం', 'కళ్లకు కట్టినట్టు', 'గూస్‌బంప్స్'. నువ్వు మాత్రం ఒక్కచోటే కనిపించావు, అదీ కొట్టేసిన వాక్యంలో.

కొట్టేసిన వాక్యాలు ఫైల్లోంచి పూర్తిగా తీసేయడం మర్చిపోయినట్టున్నావు. ఎర్ర గీతలతో సహా ప్రింటైంది. ఆరో సంపుటం చివర కథానాయకుడు రాండ్‌ని పెట్టెలో కుక్కి మోసుకుపోయే ఘట్టం చదువుతూ తిరువాన్మియూర్ స్టేషన్ దాటిపోయానని, తరమణిలో దిగానని, ఆఫీసుకు లేటయిందని మొదట రాశావు. తర్వాత దాన్ని కొట్టేసి 'ఈ ఘట్టం అత్యంత ఉత్కంఠభరితం' అని పెట్టావు. అయ్యో తల్లీ! ఉత్కంఠభరితం అన్న మాట రాయడానికి ఆ పుస్తకం చదవాల్సిన పనే లేదు. అట్ట వెనక చూసినా రాయొచ్చు. తరమణిలో దిగింది మాత్రం నువ్వొక్కదానివే.

అయితే రైలు దిగడం మర్చిపోయానని చెబితే సగం పనే అయినట్టు. నీకు ఊపిరాడలేదు సరే, జోర్డన్ ఏం చేస్తే ఆడలేదు? ఆ పేజీలు మళ్లీ తీసి చూడు. అయిదు సంపుటాలకు పైగా రాండ్ బలం పెంచుకుంటూ వచ్చాడు రచయిత. రాజ్యాలు గెలిచినవాడు, మంటలు కురిపించినవాడు. అలాంటివాణ్ణి మోకాళ్ల మధ్య తల దూర్చి కూర్చోబెట్టి పెట్టె మూత వేసేశాడు. బయటికి తీస్తే దెబ్బలు, మళ్లీ లోపలికి. అంతకంటే పెద్ద దెబ్బ ఏంటంటే, కొన్నిసార్లు మననీ ఆ పెట్టెలోనే కూర్చోబెట్టాడు. చీకటి, చెమట, బుర్రలో వాగే ఆ రెండో మనిషి గొంతు తప్ప ఇంకేమీ ఉండదు. యుద్ధం ఆ తర్వాత వస్తుంది. నువ్వు యుద్ధానికి పేజీంబావు ఇచ్చి పెట్టెకు ఒక్క లైను ఇచ్చావు. స్టేషన్ దాటించింది యుద్ధం కాదు కదా.

నా సంగతి ఒకటి చెబుతాను. 1984లో మూర్ మార్కెట్లో పాతపుస్తకాల గుట్టలో టోల్కీన్ నవల 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' దొరికింది. దొరికింది రెండో సంపుటం. అది రెండోదని నాకు తెలియదు, మొదటి నాలుగైదు కాగితాలు లేవు. అసలు కథ మొదలయ్యేదే ఒక చావుతో. బోరోమిర్ అనేవాడు ఒంటినిండా బాణాలతో చెట్టుకు ఆనుకుని ఉంటాడు. కొమ్ముబూర రెండు ముక్కలై పక్కన పడి ఉంటుంది. ఉంగరం లాక్కోబోయానని తప్పు ఒప్పుకుని ప్రాణం వదులుతాడు. ఎవడో తెలియదు, ఏ ఉంగరమో తెలియదు, ఎవరి దగ్గర లాక్కోబోయాడో తెలియదు. అయినా వాణ్ణి పడవలో పెట్టి నదిలోకి వదులుతుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. మరుసటి ఏడాదే మూర్ మార్కెట్ తగలబడిపోయింది. మొదటి సంపుటం చేతికొచ్చేసరికి ఇంకా చాలాకాలం పట్టింది. అందులో బోరోమిర్ మంచుకొండ మీద ఒంటితో మంచు తోసుకుంటూ, హాబిట్లనే పొట్టివాళ్లను మోసుకుపోతుంటే నేను చదవలేకపోయాను. వరసలో చదివినవాళ్లు అక్కడ వాణ్ణి అనుమానిస్తూ చదువుతారట. నాకు మాత్రం వాడు అప్పటికే చచ్చిపోయినవాడు. తప్పు వరసలో చదవబట్టి ఆ పుస్తకం నాకు ఇంకోలా దక్కింది. చాలా ఏళ్లు ఆ సంగతి సిగ్గుపడి ఎక్కడా రాయలేదు. నువ్వు తరమణిని కొట్టేసినట్టే.

ఇక బోరు సంగతి. పదో సంపుటం గురించి 'బాగా సాగదీశాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నిజమే, సాగింది. కానీ ఎందుకు సాగింది? తొమ్మిదోదాని చివర పెద్ద పని ఒకటి జరిగిపోయింది. పదోది తెరిస్తే ముందుకు పోకుండా, ఆ పని జరుగుతున్నప్పుడు తతిమ్మావాళ్లు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో చూపిస్తూ కూర్చున్నాడు. పేజీలు తిరుగుతున్నాయి, తేదీ తిరగడంలేదు. విసుగు అక్కడ పుట్టింది. ఇది రాస్తే ఆ పుస్తకం మెచ్చుకునేవాడు కూడా నీతో తగువు పెట్టుకోవడానికి వీలుంటుంది. 'సాగదీశాడు' అంటే తగువుకి కూడా పట్టు దొరకదు.

ఇంకోటి. తొమ్మిదోది 2000లో వచ్చింది, పదోది 2003లో. మధ్యలో కళ్లు కాయలు కాచేలా చూసినవాడి కోపం వేరు, పదోది ముగించిన రాత్రే పదకొండోది ఆర్డర్ పెట్టిన నీ విసుగు వేరు. ఎదురుచూపు కూడా చదువులో భాగమే. చిన్నప్పుడు గూడూరులో మాకు చందమామ బైండు పుస్తకాలు దొరికేవి. 'శిథిలాలయం'లో రెండు నెలల భాగాలు లేవు. శిఖిముఖి, విక్రమకేసరి ఆ రెండు నెలలూ ఏం చేశారో నేనూ మా తమ్ముడూ అరుగుమీద కూర్చుని కల్పించుకున్నాం. ఎంతో కాలానికి అసలు భాగాలు చదివితే, నిజం చెప్పొద్దూ, మాదే బాగుందనిపించింది. ఆ సీరియళ్లు రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం అని కూడా పెద్దయ్యాకే తెలిసింది. పత్రికలో పేరే ఉండేది కాదు. వడపళనిలో చందమామ ఆఫీసు ముందునుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు, లోపలికి మాత్రం పోలేదు.

జోర్డన్ కథలో నైనీవ్ అనే అమ్మాయి జడ సంగతి నువ్వు రాసినదాంట్లో నాకు నచ్చింది. కోపం వచ్చినప్పుడల్లా జడ పట్టుకు లాగుతుందని, నాలుగో సంపుటానికి నీకు ఒళ్లు మండిందని రాశావు. బాగుంది, ఆడపిల్లవి కనక జడ లాగితే ఎలా ఉంటుందో నీకే తెలుసు. కానీ అక్కడితో ఆపేశావేం? పదమూడో సంపుటంలో పరీక్షలో ఆ జడ కాలిపోతుంది కదా. తర్వాత కోపం వస్తే లాగడానికి ఏమీ ఉండదు. అప్పుడు నీకేమనిపించింది? నాకైతే ఇంట్లో ఏళ్లతరబడి కిర్రుమన్న తలుపుకు నూనె వేశాక వచ్చిన నిశ్శబ్దంలా తోచింది. విసుక్కున్నదాన్నే వెతుక్కున్నాను. పది పన్నెండు వేల పేజీల పుస్తకం మాత్రమే చేయగలిగిన పని అది, చిన్న నవలకు అంత వ్యవధి ఉండదు. ఒక పేజీ దీనికి ఇవ్వు. అవసరమైతే యుద్ధాలన్నీ తీసెయ్.

చివరి మూడు సంపుటాల గురించి 'మన మహాభారతంలో ఇవన్నీ ఎప్పుడో ఉన్నాయి' అన్నావు. ఆ వాక్యం పీకెయ్. ఎవరేం రాసినా మనవాళ్లు ముందే రాసేశారనడం చదవడం కాదు, చదవకుండా తప్పించుకోవడం. పోలిక తేవాలంటే పనికొచ్చేది తే. రాబర్ట్ జోర్డన్ 2007లో పోయాడు. ఆయన భార్యే ఆయన ఎడిటర్ కూడా. బ్రాండన్ శాండర్సన్‌ని ఎంచి నోట్సు చేతికిచ్చింది. ఒక్క సంపుటం అనుకున్నది మూడై 2013లో ముగిసింది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపితే, తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మిగిలిన ముక్క ఎఱ్ఱన పూర్తిచేశాడు, అదీ నన్నయ పేరుమీదుగా, రాజరాజుకే అంకితంగా. ఇంకొకరి గొంతు అరువు తెచ్చుకుని ముగించడం ఎంత కష్టమో మనకు బాగా తెలుసు. అందుకే అతుకు ఎక్కడ కనిపించిందో నువ్వు చెప్పాలి. నాకు రాండ్ స్నేహితుడు మ్యాట్ మాటల్లో కనిపించింది. జోర్డన్ మ్యాట్ తను నవ్విస్తున్నానని తెలియకుండా నవ్విస్తాడు. పన్నెండులో వచ్చినవాడు జోకు వేసి మనవైపు చూస్తాడు. నీకు అలా అనిపించకపోతే అనిపించలేదనే రాయి, నా మొహం చూసి రాయకు.

భాష గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఆ కథలో శక్తులున్న ఆడవాళ్లను, 'ఏస్ సెడై'ని, మంత్రగత్తెలు అనకు. మన ఊళ్లలో ఆ మాటకు తిట్టు వాసన ఉంది, ఆ ఆడవాళ్లేమో రాజుల్నే గడగడలాడించేవాళ్లు. పేరు పేరుగానే ఉంచు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన మార్టిన్ ఆరో సంపుటం ఇంకా రాలేదని ఒక పేరా తిట్లు రాశావు. అయిదోది వచ్చిన 2011 నుంచి అందరూ తిడుతూనే ఉన్నారు, నీ వంతు అయిపోయిందనుకుని తీసెయ్.

వచ్చే ఆదివారం ఖాళీ అయితే ఇంటికి రా. అత్తయ్య గోంగూర పచ్చడి నూరింది, హాస్టల్‌కు ఒక సీసా పట్టుకెళ్దువు గానీ. వచ్చేటప్పుడు నా ఎనిమిదో సంపుటం తే, అట్ట ఊడిందని చెప్పడానికి మొహమాటపడుతున్నావని నాకు తెలుసు.

అన్నట్టు ఒక సందేహం. తరమణిలో దిగాక వెంటనే ఎదుటి ప్లాట్‌ఫామ్‌కు వెళ్లి తిరుగు రైలు ఎక్కావా, లేక ఆ బెంచీమీదే కూర్చుని అధ్యాయం పూర్తిచేశావా? ఆ ముక్క కొట్టేసిన వాక్యంలో కూడా లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు