శుభలేఖ వెనక బాకీ

అమ్మాయీ,

నీ కథ అందింది. పదకొండో పేజీలో నీ సీనియర్ లాయరు బల్ల గుద్ది "యువరానర్!" అని అరిచాడు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేశాను. మళ్లీ అందుకోవడానికి ఒక పూట పట్టింది.

ముప్ఫై ఏళ్లుగా వ్యాపార దావాలే నడిపాడన్నావు, హైకోర్టు సీనియర్ హోదా ఇచ్చిందన్నావు. మళ్లీ ఆయన చేతే వకాలత్నామా, అంటే కక్షిదారు తన తరఫున వాదించమని ఇచ్చే అధికారపత్రం, దాఖలు చేయించావు! ఆ హోదా వచ్చాక వకాలత్ వేయకూడదు, కక్షిదారు నుంచి నేరుగా కేసు తీసుకోకూడదు. వెంట మరో న్యాయవాది ఉండాల్సిందే. ఆయన పక్కన నిలబడి పేజీలు తీసి అందించే ఆ మనిషి నీ కథలో లేనేలేడు. అసలు కథంతా అతని దగ్గరే ఉంది.

వ్యాపార తగాదాలో అరుపులు పనిచేయవు, తేదీలు పనిచేస్తాయి. 2015 చట్టం కింద కమర్షియల్ కోర్టులో సమన్లు అందిన 120 రోజుల్లోగా ప్రతివాది జవాబు దావా వేయకపోతే, ఆ తర్వాత జడ్జికి జాలి కలిగినా లాభం లేదు. 121వ రోజు పొద్దున గుమాస్తా ముఖం ఎలా ఉంటుందో రాయి, చదువుతాను.

రాతలోకి రాకముందు నేనూ జూనియర్‌నే. గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన బాకీ దావా. సరుకిచ్చి మూడేళ్లు దాటింది కాబట్టి దావా వేసే గడువు తీరి కాలదోషం పట్టిందని అవతలివాళ్ల వాదన. మా సీనియరు ఏమీ మాట్లాడకుండా ఒక గోనెసంచి నా ముందు కుమ్మరించారు. రెండు రాత్రులు చలాన్లు, కాటా చీటీలు, చీమలు. మూడో రాత్రి ఒక శుభలేఖ దొరికింది. దాని వెనక బాకీదారు చేతిరాత: "మీకివ్వాల్సిన బాకీ పెళ్లి ఖర్చులు తేలాక సర్దుతాను. తప్పక రావాలి." కింద సంతకం, తేదీ. గడువుకు తొమ్మిది రోజుల ముందు! బాకీ ఉందని గడువులోగా రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. కోర్టులో మా సీనియరు అడిగింది ఒకటే: "ఈ సంతకం మీదేనా?" అదీ మెల్లగా. ఆ పెళ్లికి మా కక్షిదారు వెళ్లి నూట పదహార్లు చదివించి మరీ వచ్చాడట.

దీన్నే కథగా రాస్తే ఒక సంపాదకుడు శుభలేఖ తీసేసి, బోనులో కళ్లు తిరిగి పడిపోయే సాక్షిని పెట్టమన్నాడు. పెట్టాను. అచ్చయింది. ఆ సంచిక ఎవరైనా తెచ్చి చూపిస్తే ఇప్పటికీ మాట మార్చేస్తాను.

ఏ పత్రికకు పంపాలి, పేరు బాగుందా అని అడిగావు. అవి తర్వాత. టిఫిన్ డబ్బా మూత మీద వాయిదా తేదీ రాసుకోవడం మాత్రం బాగుంది.

పది పేజీలు తిప్పి పంపుతున్నాను. పదకొండోది నా దగ్గరే ఉంచుకున్నాను.