పక్కింటి పాండ్‌లోంచి కప్పగుడ్లు తెచ్చుకోవచ్చా?

ఈ నెల ఉత్తరాల్లో నీటి తోటలూ కప్పల గురించే ఎక్కువ వచ్చాయి, అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాటికే.

ప్రశ్న: నమస్తే అండీ. మేము ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉంటాం. ఇల్లు కొనుక్కున్నాక వెనక గార్డెన్‌లో చిన్న పాండ్ తవ్వించాం. పక్కింటి పెద్దావిడ పాండ్‌లో ఈ మార్చిలో కుప్పలు కుప్పలుగా కప్పగుడ్లు పడ్డాయి, "నాకు చాలా ఎక్కువైపోయాయి, ఒక బకెట్ పట్టుకెళ్ళు, మొక్కలు కూడా ఇస్తాను" అంటున్నారు. పిల్లలు ఒకటే గొడవ తెచ్చుకుందామని. మా వారేమో జబ్బులొస్తాయి వద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు, ఆవిడ ఏమీ అనుకోకుండా ఎలా చెప్పమంటారు? — ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: వద్దనే చెప్తానమ్మా, గుడ్లూ వద్దు మొక్కలూ వద్దు. మీ వారు చెప్పిన జబ్బుల మాట నిజమే, కాకపోతే అవి మనుషులకొచ్చేవి కావు, కప్పలకొచ్చేవి. అక్కడ ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి రానావైరస్, ఎండాకాలం వచ్చిందంటే తోటల్లో పెద్ద కప్పలు ఒళ్ళు ఎర్రబడి పుళ్ళు పడి ఒకేసారి బోలెడు చచ్చి తేలతాయి. ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చిన పాండ్స్‌లో కప్పలు సగటున 80 శాతం దాకా తగ్గిపోయాయని 2010లో వచ్చిన ఒక స్టడీలో తేలింది. రెండోది కైట్రిడ్ ఫంగస్. కప్ప నీళ్ళు తాగేది చర్మంతోనే, కొంత ఊపిరి కూడా చర్మంతోనే పీలుస్తుంది, ఒంట్లో ఉప్పులు సరిగ్గా ఉండేదీ దానివల్లే, ఈ ఫంగస్ సరిగ్గా ఆ చర్మాన్నే పట్టుకుంటుంది, ముదిరితే చివరికి కప్ప గుండె ఆగి చచ్చిపోతుంది. బ్రిటన్‌లో బయట బతికే కప్పల్లో ఇది మొదట బయటపడింది 2004లో, కెంట్‌లో, అదీ బయటి నుంచి తెచ్చి వదిలేసిన అమెరికా బుల్‌ఫ్రాగ్స్‌లో. ప్రపంచం మొత్తమ్మీద 500 పైగా ఉభయచర జాతులు దీనివల్ల తగ్గిపోయాయనీ, అందులో 90 పూర్తిగా అంతరించి ఉంటాయనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. బకెట్లో నీళ్ళు తేటగానే కనబడతాయి, గుడ్లు నిగనిగలాడుతుంటాయి, అందులో ఏముందో మీకూ తెలీదు ఆవిడకీ తెలీదు.

ఇంక "ఎక్కువైపోయాయి" అన్న మాట. అక్కడి మామూలు కప్ప ఒక్కోటి వెయ్యి నుంచి రెండు వేల దాకా గుడ్లు పెడుతుంది, అన్నీ కప్పలైపోతాయని కాదు, అది పెట్టేదే అలా పెడుతుంది. తూనీగ పిల్లలు, న్యూట్లు (కప్పల జాతికే దగ్గరివి, చూడ్డానికి తోకున్న బల్లిలా ఉంటాయి), నీటి పురుగులు, పక్షులు అన్నీ వాటి మీదే బతుకుతాయి, ఆ తినేవాటన్నిటికీ పోగా మిగిలిన కొన్నే కాళ్ళొచ్చి గట్టెక్కుతాయి. కాబట్టి ఆవిడ పాండ్‌లో గుడ్లు ఎక్కువై నష్టపోయేదేమీ లేదు, ఆవిణ్ణి నిశ్చింతగా ఉండమనండి.

మొక్కల సంగతి నా లెక్కలో ఇంకా పెద్దది, దీన్ని చాలామంది పట్టించుకోరు. న్యూజిలాండ్ పిగ్మీవీడ్ అని ఒకటుంది, అసలు పేరు క్రాసులా హెల్మ్సీ. లేత ఆకుపచ్చగా, సన్నగా, కొంచెం కండగా ఉండే ఆకులు ఎదురెదురుగా జంటలు జంటలుగా వస్తాయి, ప్రతి జంటా కాడ దగ్గర కలిసిపోయి చిన్న కాలర్ పెట్టినట్టుంటుంది, చూస్తే ముచ్చటగానే ఉంటుంది. కణుపున్న అర సెంటీమీటరు ముక్క చాలు, అక్కణ్ణుంచి పాండ్ మొత్తం కప్పేస్తుంది, కింద వెలుతురుండదు, ఇంకో మొక్క బతకదు. వేరే మొక్క వేళ్ళలో ఇరుక్కుని వచ్చిన తుంపు మన కంటికి ఆనదు. ఇంగ్లండ్‌లో 2014 ఏప్రిల్ నుంచి దీన్నీ, ప్యారట్స్ ఫెదర్, ఫ్లోటింగ్ పెన్నీవర్ట్, వాటర్ ప్రింరోజ్, వాటర్ ఫెర్న్‌నీ అమ్మడం నిషేధించారు. షాపులో అమ్మకపోయినా ఒకరి పాండ్‌లోంచి ఇంకొకరి పాండ్‌లోకి ఊరికే చేతులు మారుతూ వెళ్ళొచ్చు కదా, నా భయమంతా దాని గురించే.

ఇంకోటి కూడా ఉంది. న్యూట్ కప్పలాగా కుప్పగా గుడ్లు పెట్టదు, ఒక్కొక్క గుడ్డూ ఒక్కొక్క ఆకు మీద పెట్టి వెనక కాళ్ళతో ఆ ఆకుని మడిచి మూసేస్తుంది. వసంతంలో మీరు ఒక గుప్పెడు నీటిమొక్క తెచ్చుకున్నారంటే ఆ మడతల్లో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ గుడ్లు ఉన్నా ఉండొచ్చు, దానికి అక్కడి చట్టంలో గట్టి రక్షణ ఉంది, గుడ్లని కదిలించినా నేరమే. మామూలు కప్పల్నైతే అక్కడి 1981 వన్యప్రాణుల చట్టం ప్రకారం అమ్మకూడదు, కొనకూడదు, ఊరికే ఇచ్చిపుచ్చుకోవడం మీద నిషేధం లేదు, కానీ అక్కడ కప్పల కోసం పనిచేసే ఫ్రాగ్‌లైఫ్ లాంటి సంస్థలు అది కూడా చెయ్యొద్దనే చెప్తాయి.

మరి పిల్లలకి ఏం చెప్పాలి అంటారా. పక్కింట్లోనే అన్ని కప్పలుంటే మీ పాండ్‌కి అవి వాటంతటవే వస్తాయమ్మా, ఫెన్స్ కింద చెయ్యి పట్టేంత సందు వదలండి చాలు. జూన్ జూలైల్లో వానపడ్డ రోజున గోరంత కప్పపిల్లలు గడ్డిలోకి బయల్దేరతాయి, గుడ్లు పెట్టే వయసుకి రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, కొంచెం ఓపిక పట్టాలి. ఈలోగా పాండ్‌కి ఒక పక్క ఏటవాలుగా లోతు తక్కువ ఉండేట్టు చూడండి, వాన నీళ్ళతో నింపండి, గోల్డ్‌ఫిష్ మాత్రం వెయ్యకండి, గుడ్లనీ తోకకప్పల్నీ తినేస్తాయి. మొక్కలు మంచి నర్సరీలో అక్కడి దేశవాళీవే అడిగి తీసుకోండి, మార్ష్ మ్యారిగోల్డ్, వాటర్ ఫర్‌గెట్‌మీనాట్, హార్న్‌వర్ట్ ఇలాంటివి. ఆ పెద్దావిడతో "ఆంటీ, మీవి మీ దగ్గరే ఉండనివ్వండి, మా పిల్లలే వారానికోసారి వచ్చి చూసి వెళ్తారు" అనండి, ఆవిడ ఏమీ అనుకోరు సరికదా సంతోషిస్తారు. చచ్చిన కప్పలు కనబడితే గార్డెన్ వైల్డ్‌లైఫ్ హెల్త్ వాళ్ళకి తెలియజెయ్యండి, ఎక్కడ ఏ జబ్బు ఉందో వాళ్ళు గమనిస్తుంటారు.

ప్రశ్న: మేడమ్, మాది రాజమండ్రి. టెర్రస్ మీద టబ్బుల్లో తామర, కలువ పెంచుతున్నాను, కడియం నుంచి తెచ్చినవే. మొన్న వానలకి టబ్బు అంచు లోపలివైపు, నీళ్ళకి కొంచెం పైన, సబ్బు నురగలాంటి తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. మా గ్రూప్‌లో అడిగితే కప్పగుడ్లన్నారు, ఒకావిడ తనకి కావాలంటున్నారు. గీకి ఇవ్వొచ్చా? ఇంకా మా గ్రూప్‌లో గుర్రపుడెక్క కూడా పంచుకుంటుంటారు, పువ్వు బావుంటుంది, వేసుకోవచ్చా? — ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అయ్యో గీకకండమ్మా! అది చెట్టుకప్ప గూడు, మీ టెర్రస్ దాకా గోడలెక్కి వచ్చి పెట్టింది. పైన ఎండి గట్టిపడుతుంది, లోపల మాత్రం తడిగానే ఉంటుంది, నాలుగైదు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి తిన్నగా కింద నీళ్ళలోకి జారతాయి, అందుకే అది నీళ్ళకి సరిగ్గా పైనే చూసుకుని పెట్టింది, గూడు జరిపితే ఆ పిల్లలు పొడి నేల మీద పడతాయి. నీళ్ళు కిందికి దిగిపోకుండా చూస్తూ ఉండండి, కార్పొరేషన్ నీళ్ళు పొయ్యాలంటే ఒకరోజు బకెట్లో ఉంచి పొయ్యండి. రెండు నెలలకి అటూ ఇటూగా కాళ్ళొచ్చి పైకెక్కుతాయి, అప్పటికి ఒక కర్రముక్కో రాయో అడ్డంగా పెట్టండి.

దోమల కోసం అందరూ గంబూసియా, గప్పీ చేపలు వెయ్యమంటారు. గంబూసియా మన దేశానికి 1928లో వచ్చిన చేప, దోమ లార్వాతో పాటు తోకకప్పల్నీ కొరికి చంపేస్తుంది, ప్రపంచంలో అతి ఎక్కువ హాని చేసే 100 పరాయి జాతుల లిస్టులో అది కూడా ఉంది. చెరువుల్లో కుంటల్లో దాన్ని వదలడం నాకు అస్సలు నచ్చని పని. మీ టబ్బుల్లో కప్పపిల్లలున్నదాన్ని చేపల్లేకుండా ఉంచండి, దోమ లార్వా కనబడితే టీ జల్లెడతో తీసెయ్యండి, మిగతా టబ్బుల్లో గప్పీలుంటే ఉండనివ్వండి, ఎప్పుడూ కాలవలో మాత్రం పొయ్యకండి.

గుర్రపుడెక్క వద్దు. గోదావరి కాలవల మీద అది పేరుకుపోయి నీళ్ళు కదలకుండా చెయ్యడం మీరు చూస్తూనే ఉంటారు. అంతరతామర కూడా అంతే, టబ్బులో పెరిగింది పెరిగినట్టు తీసి ఎండబెట్టి కంపోస్టులో వేస్తే సరే, ఎవరికీ ఇవ్వకండి. తామర దుంపలు ఇవ్వాలనుకుంటే హాయిగా ఇవ్వండి, కాకపోతే మట్టి మొత్తం కడిగేసి, ఆకులూ నాచూ తీసేసి, దుంప ఒక్కటే. తీసుకున్నవాళ్ళు రెండు మూడు వారాలు విడిగా ఒక బకెట్లో పెట్టుకుని నత్తలూ అవీ ఏం బయటపడతాయో చూసుకోవాలి, ఆ నీళ్ళు మొక్కల మొదట్లో పొయ్యాలి.

ప్రశ్న: కప్పని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయా సార్/మేడమ్? మా అబ్బాయి పట్టుకుంటున్నాడు. — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రావు. పులిపిర్లు మనుషుల వైరస్ వల్ల వస్తాయి. కానీ గరుకు చర్మం కప్పలకి కళ్ళ వెనక గ్రంథుల్లో విషం ఉంటుంది, పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా కళ్ళు నలపకూడదు. కప్ప వైపు నుంచి చూస్తే మన చెయ్యే దానికి ప్రమాదం, దోమల క్రీమూ శానిటైజరూ ఉన్న చేత్తో పట్టుకుంటే అది దాని చర్మంలోంచి లోపలికి పోతుంది. చూడ్డం నేర్పండి, పట్టుకోవడం మాన్పించండి.

ప్రశ్న: కృష్ణా జిల్లాలో మాకు రెండెకరాల తోట ఉంది, డ్రిప్ కోసం పాలిథిన్ షీట్ వేసి ఫారంపాండ్ తవ్వాం. తొలకరికి మా ఊరి చెరువు పక్క బోదురుకప్పలు బాగా అరుస్తాయి. పురుగుల్ని తింటాయి కదా అని వాటి పిల్లల్ని తెచ్చి మా పాండ్‌లో వదుల్దామనుకుంటున్నాం. మంచిదేనా? — ఒక రైతు

జవాబు: మీ ఆలోచన మంచిదేనండీ, తెచ్చి వదలడం మాత్రం వద్దు. బోదురుకప్ప మన పొలాల్లో ఎంత మేలు చేస్తుందో అందరికీ తెలుసు, ఒకప్పుడు కాళ్ళ కోసం లక్షల్లో పట్టి విదేశాలకి పంపేవాళ్ళు, 1987లో ఆ ఎగుమతి ఆపేశారు. తొలకరికి మగవి నిమ్మపండు రంగులోకి మారి గొంతు దగ్గర నీలం సంచులు ఉబ్బించుకుని అరుస్తుంటే చూడాల్సిందే. ఇదే కప్ప అండమాన్‌కి వెళ్ళి ఏం చేసిందో చూడండి. అక్కడ ఇది ఎప్పుడూ లేదు, చేపపిల్లల సీడుతో కలిసి వెళ్ళుంటుందని పరిశోధకుల అంచనా, ఇప్పుడు దీవి తర్వాత దీవికి పాకిపోతోంది. దాని తోకకప్పలు పక్కనున్న వేరే కప్పల పిల్లల్ని తినేస్తాయి, పెద్దయ్యాక కోడిపిల్లల్నీ వదలదు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకి కూడా ఈ బాధ తెలిసే ఉంటుంది.

మీ ఊరి కప్ప మీ ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి అంత ప్రమాదం లేదు అనుకోవచ్చు, కానీ చెరువు నీళ్ళతో చేపలూ కలుపూ జబ్బులూ కూడా వస్తాయి. వానాకాలంలో పొలాలు నిండినప్పుడు కప్పలు వాటంతటవే మీ తోటలోకి వస్తాయి. మీరు చూడాల్సింది వేరే ఉంది, ఆ పాలిథిన్ షీటు. నిటారుగా, జారుగా ఉంటుంది కదా, లోపల పడ్డ కప్పలూ పాములూ ఉడతలూ ఎక్కలేక ఈది ఈది చచ్చిపోతాయి. రెండు మూలల్లో కొబ్బరితాడు అల్లిన నిచ్చెనో, మట్టి నింపిన గోనెసంచులు మెట్లలాగానో వేలాడదియ్యండి, కింది భాగం నీళ్ళలో మునిగి ఉండాలి, పై భాగం గట్టు మీదికి రావాలి. షీటు పాండ్ పక్కనే ఒక చిన్న మట్టి గుంట, మోకాలి లోతుది, వాన నీళ్ళు నిలిచేట్టు వదిలితే గుడ్లు అక్కడ పెట్టుకుంటాయి. మందు కొట్టిన స్ప్రేయర్లు, డబ్బాలు ఆ రెంటిలో దేంట్లోనూ కడక్కండి, కడిగిన నీళ్ళు వాటిలోకి పారకుండా కూడా చూసుకోండి.