ఎన్నారై సందేహాలు: పాత సివిక్, 800 డాలర్లు, ముందు ఏది మార్చాలి?

డెట్రాయిట్ దగ్గర మాస్టర్స్ చదువుతున్న ఒక తమ్ముడి ప్రశ్న: "అన్నా, లక్షా ముప్పై వేల మైళ్లు తిరిగిన 2012 హోండా సివిక్ కొన్నాను. గతుకుల్లో ముందు నుంచి టకటక చప్పుడు వస్తోంది. హైవే మీద బ్రేక్ కొడితే స్టీరింగ్ వణుకుతోంది. చేతిలో 800 డాలర్లు ఉన్నాయి. కాయిలోవర్లు, చిల్లుల రోటర్లు వేయించమని ఫ్రెండ్స్ అంటున్నారు. వేయించనా?"

వద్దు తమ్ముడూ. కాయిలోవర్లంటే కారు ఎత్తు సర్దుకునే స్ప్రింగు, షాకబ్జార్బర్ సెట్లు. రోటర్లంటే చక్రంతో పాటు తిరుగుతూ బ్రేకు పట్టుకునే ఇనుప పళ్లేలు. పదేళ్లు దాటిన కారుని ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి తెచ్చుకుంటే చాలు, తేడా నీకే తెలుస్తుంది. అది చేయకుండా పైపై సామాన్లు బిగిస్తే డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం ఉంటుంది.

ముందు టైర్లు చూడు. బ్రేకులు చక్రాన్ని ఆపుతాయి, కారుని ఆపేది టైరు. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ గడగడమంటూ ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందంటే, బ్రేకులో బలం ఉంది, టైరుకే పట్టు చాలడం లేదని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన బ్రేకులు వేసినా కారు ముందుగా ఆగదు. టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడు. 2317 అని ఉంటే అది 2017లో 23వ వారం తయారైంది. క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టు. వాషింగ్టన్ తల పైభాగం మొత్తం కనిపిస్తే గాడి లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగు కూడా లేవన్నమాట. చాలా రాష్ట్రాల్లో చట్టం రెండు వరకూ ఒప్పుకుంటుంది గానీ, మిషిగన్ మంచులో ఆ టైర్లతో తిరగడం నాకైతే ధైర్యం చాలదు. 15 అంగుళాల మామూలు ఆల్ సీజన్ టైర్లు నాలుగూ బిగింపుతో కలిపి 450 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతాయి. సగం బడ్జెట్ ఇక్కడే పోయిందని బాధపడకు.

స్టీరింగ్ వణుకు ఎక్కువగా ముందు రోటర్ల నుంచే వస్తుంది. రోటరు మందం అంతటా ఒకేలా లేకపోతే అది పెడల్‌ని, స్టీరింగ్‌ని ఊపుతుంది. చిల్లుల రోటర్లు మన వాడకానికి దండగ. అంచులకీ మధ్య భాగానికీ తుప్పు పట్టకుండా పూత ఉన్న మామూలు రోటర్లు రెండు, ఒక సెట్ సెరామిక్ ప్యాడ్లు తీసుకో. అకెబోనో లాంటి కంపెనీలవి బాగుంటాయి. అన్నీ కలిపి 150 డాలర్ల లోపు అవుతుంది. ఇదే పని షాపులో చేయిస్తే లేబర్‌తో రెట్టింపు దాటుతుంది. ఒక ఆదివారం తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకో, కష్టమేమీ కాదు.

అయితే ప్యాడ్లు మార్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ప్యాడ్లని రోటర్‌కి నొక్కే భాగమే క్యాలిపర్. అది జారే పిన్నులు రెండుంటాయి, రబ్బరు తొడుగుల్లో. వాటిని బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, సిలికాన్ బ్రేక్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. పిన్ను పట్టేస్తే లోపలి ప్యాడ్ అరిగిపోయి, బయటిది కొత్తదిలా మిగులుతుంది. పాత ప్యాడ్లు తీశాక రెండూ పక్కపక్కన పెట్టి చూడు, జబ్బేంటో అక్కడే తెలుస్తుంది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, ప్యాడ్ చెవులు కూర్చునే బ్రాకెట్‌లోనూ, రోటర్ ఆనుకునే హబ్ మీదా తుప్పు పేరుకుంటుంది. వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకెయ్యి. హబ్ మీద తుప్పు వదిలేస్తే కొత్త రోటర్ కూడా వంకరగానే తిరుగుతుంది, కొన్నాళ్లకి అదే వణుకు. క్యాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడదీయకు, తీగతో స్ప్రింగుకి కట్టు. జాకీ మీద నమ్మకంతో కారు కిందికి దూరకు, జాక్ స్టాండ్లు పెట్టు. చక్రం నట్లకి ఈ కారులో 80 ఫుట్ పౌండ్ల టార్క్ (బిగింపు బలం). పని అయ్యాక కారు కదపక ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండు. లేకపోతే మొదటి తొక్కుకి బ్రేకే పడదు!

బ్రేక్ ఆయిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగొచ్చు. హోండా మూడేళ్లకోసారి మార్చమంటుంది. సీసా పది డాలర్లు. డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, దాని జోలికి పోకు.

ఇక ఆ టకటక. షాకబ్జార్బర్లు పోయాయని షాపువాడు వెంటనే అంటాడు. ముందు స్వే బార్ లింకులు (మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే కడ్డీని కలిపే చిన్న కీళ్లు) చేత్తో ఊపి చూడమను. చిన్న గతుకుల్లో వచ్చే చప్పుడుకి చాలాసార్లు అవే కారణం, జత 50 డాలర్లు. స్ట్రట్ (స్ప్రింగు మధ్యలో ఉండే షాకబ్జార్బర్) మీద నూనె కారి తడిగా ఉంటే, లేదా టైరు మీద అక్కడక్కడా గుంటలుగా అరుగుదల కనిపిస్తే, అప్పుడు స్ట్రట్లు మార్చాల్సిందే. అదీ రెండు వైపులా. స్ప్రింగు, పై మౌంటు అన్నీ బిగించి వచ్చే కేవైబీ, మన్రో కంపెనీల సెట్లు కొనుక్కో, జత సుమారు 300. విడి స్ట్రట్ చవకే గానీ, స్ప్రింగుని నొక్కి పట్టి తీయాలి. అది జారిందంటే ప్రాణం మీదకి వస్తుంది.

చవక కాయిలోవర్ల మరలు ఈ ఉప్పుకి రెండు చలికాలాల్లో పట్టేస్తాయి, ఎత్తు సర్దుకోవడం మాట అటుంచి విప్పడమే గగనం. పైగా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పులుంటే క్లెయిమ్ అప్పుడు తలనొప్పి. స్ప్రింగు కోసి కారు కిందికి దించుదామని ఎవడైనా అంటే వాడితో స్నేహం మానెయ్యి.

లెక్క చూస్తే టైర్లు, ముందు బ్రేకులు, ఆయిల్, లింకులు కలిపి 660 అయ్యాయి. స్ట్రట్లు వచ్చే రెండు నెలల్లో చూసుకో. టైర్ షాపులో వెంటనే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించమంటారు. పాత టైర్లు ఒక పక్కే అరిగి ఉంటే చేయించు. లేదంటే స్ట్రట్లు మార్చాకే చేయించు, ఎలాగూ అప్పుడు తప్పదు. నూరు డాలర్లు రెండుసార్లు ఎందుకు?

సామాన్లకి రాక్ ఆటో వెబ్‌సైట్‌లో ధర చూసి, షిప్పింగ్ కలుపుకుని, ఊళ్లో షాపుతో పోల్చు. ఆటోజోన్ షాపులో పనిముట్లు డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగి ఇస్తే డబ్బంతా వెనక్కిస్తారు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయొద్దని చాలా లీజుల్లో ఉంటుంది, చదువుకో. ఇల్లున్న అన్నయ్యల గ్యారేజ్ అడగడానికి మొహమాటపడకు.

పని చేతికొచ్చాక రూమ్మేట్లు వాళ్ల కార్లు కూడా తెస్తారు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉండి డబ్బు తీసుకుని రిపేర్ చేస్తే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది, వీసాకే ఎసరు. నీ కారు వరకే చేసుకో.