చిట్టికి, కంప్యూటర్ మూగబోయినప్పుడు

చిట్టీ,

హాస్టల్ ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఇకమీదట నువ్వే చూసుకుంటానని వార్డెన్ గారికి మాటిచ్చావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెబుతూనే "కళ్లు లేని పిల్ల, కరెంటుతో పని, నువ్వైనా వద్దని చెప్పు అన్నయ్యా" అంది. నేను చెప్పనన్నాను. ఉద్యోగమంతా చూపులేని పిల్లలకి కంప్యూటర్ నేర్పినవాణ్ణి, నాకూ చూపు లేదు, నీకు వద్దని ఏ నోటితో చెప్పను? మా ఇంటి పిల్ల ఈ పని పట్టుకుందని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ నాకే పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం. స్క్రీన్ మీది రాతని పైకి చదివే మన ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో చదివించుకో. స్పీడు తగ్గించి విను.

వాల్యూమ్ చూడటం, స్పీకర్ పిన్ను లాగి మళ్లీ పెట్టడం, హెడ్‌ఫోన్ మార్చి చూడటం నీకు తెలిసినవే. వాటి గురించి రాయను.

అవన్నీ సరిగ్గానే ఉన్నా ఎన్‌వీడీఏ మాట ఆగిపోయిందనుకో. అప్పుడు వెంటనే చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకో. ఒక నిమిషం ఆగు. ఫ్యాన్ చప్పుడు విను. పాత మిషన్ అయితే హార్డ్ డిస్క్ గరగరమంటోందేమో విను. అంటోందంటే లోపల ఏదో పని జరుగుతోందని, మాట వెనకబడి ఉండొచ్చని.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడి సంగతి నేను మర్చిపోలేను. డిగ్రీ చదివేవాడు. వాడికి కావలసిన చరిత్ర పుస్తకం బ్రెయిలీలో దొరకలేదు. చూపున్న స్నేహితుడొకడు వచ్చి పక్కన కూర్చుని పైకి చదివితే వీడు టైప్ చేసుకునేవాడు. ఒక ఆదివారం పొద్దుట్నుంచీ కూర్చున్నారు. చదివేవాడి జోరు ఆపడం ఎందుకని వీడు మధ్యలో సేవ్ చేయలేదు. మధ్యాహ్నం స్నేహితుడు భోజనానికి వెళ్లాడు. వీడు ఏదో పేరు స్పెల్లింగ్ వెతుకుదామని బ్రౌజర్ తెరిచాడు, మళ్లీ వర్డ్‌లోకి వచ్చాడు. మిషన్‌లో మెమరీ తక్కువ, దానికి తోడు యాంటీవైరస్ స్కాన్ మొదలైంది. మాట ఆగిపోయింది.

బ్రౌజర్ మూసేస్తే తేలికపడుతుందని ఆల్ట్ ఎఫ్4 కొట్టాడు. ఇంకా బ్రౌజర్‌లోనే ఉన్నాననుకున్నాడు, ఉన్నది వర్డ్‌లో. సేవ్ చేయాలా అని వర్డ్ అడిగింది. అడిగినట్టు వీడికెలా తెలుస్తుంది? ఎన్‌వీడీఏని లేపుదామని కంట్రోల్ ఆల్ట్ ఎన్ నొక్కాడు. కంగారులో కంట్రోల్ సరిగా పడలేదు, ఆల్ట్ ఎన్ మాత్రం వెళ్లింది. ఆ ప్రశ్న దగ్గర ఆల్ట్ ఎన్ అంటే సేవ్ చేయొద్దని. కాసేపటికి మాట తిరిగొచ్చి "డెస్క్‌టాప్" అంది.

మర్నాడు నా దగ్గరికొచ్చి కూర్చుని, "నా టైపింగ్ పోతే పోయింది సార్, పొద్దుట్నుంచీ గొంతు ఎండిపోయేలా చదివాడు వాడు" అన్నాడు. స్నేహితుడికీ అవే పరీక్షలు. ఇంకో ఆదివారం ఇమ్మని అడగడానికి వీడికి నోరు రాలేదు. ఆ పేపరు తప్పాడు. తర్వాత రాసి గట్టెక్కాడు, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. అయినా నాకు ఆ కుర్రాడి మాటే గుర్తొస్తుంది.

మిషన్ నెమ్మదించినప్పుడు నువ్వు నొక్కిన కీలు ఎక్కడికీ పోవు చిట్టీ. వరసలో ఉండి, ఊపిరి తిరగ్గానే ఒక్కొక్కటీ అమలవుతాయి. పలకడం లేదని డిలీట్ నాలుగుసార్లు కొడితే నాలుగు ఫైళ్లు పోవచ్చు. మీ ల్యాబ్‌లో చిన్నపిల్లలున్నారు. సేవ్ చేసే కంట్రోల్ ఎస్ వాళ్ల వేళ్లకి అలవాటయ్యేదాకా చెప్పిందే చెప్పు, తిట్టుకున్నా ఫరవాలేదు.

నిమిషం గడిచినా మాట రాకపోతే ముందు ఇన్సర్ట్ ఎస్ చూడు. పిల్లల వేలు పొరపాటున దాని మీద పడితే ఎన్‌వీడీఏ బీప్‌లలోకో, పూర్తి మౌనంలోకో వెళ్లిపోతుంది. మాట వచ్చేదాకా ఒక్కొక్కసారిగా మళ్లీ నొక్కు. అదీ కాకపోతే కంట్రోల్ ఆల్ట్ ఎన్, మూడు కీలూ నిండుగా పడేలా. అప్పటికీ పలక్కపోతే విండోస్ కంట్రోల్ ఎంటర్ నొక్కు, విండోస్‌లోనే ఉండే నరేటర్ అనే చదివే గొంతు లేస్తుంది. నరేటర్ మాట్లాడిందంటే సౌండ్ బాగానే ఉంది, గొడవ ఎన్‌వీడీఏలో. అదీ మాట్లాడలేదంటే సౌండే ఎటో పోయింది.

ఎటు పోయిందో చాలాసార్లు సులువుగానే తెలుస్తుంది. ప్రొజెక్టర్‌కో టీవీకో హెచ్‌డీఎంఐ తీగ పెడితే మాట దానిలోకి పోతుంది. ఎవరిదో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కలిస్తే పక్క గదిలో వాళ్ల చెవిలో వినిపిస్తుంది. తీగ పీకు, బ్లూటూత్ ఆపించు. దేనితోనూ రాకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టి చూడు. వేలెడంత ఉంటుంది, ఖరీదు కూడా తక్కువే. లోపలి సౌండ్ చెడినా, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పోయినా, చాలాసార్లు ఇది పెట్టగానే మాట వస్తుంది. ఒక్కసారి మాట వచ్చిందంటే మిగతా రిపేరు నువ్వే చేసుకోగలవు. నీకోసం రెండు కొన్నాను, కొరియర్‌లో వస్తాయి.

మెమరీ గొడవ వేరు. అందులో మాట పూర్తిగా పోదు. తడబడుతుంది, నత్తినత్తిగా వస్తుంది, బాణం కీ నొక్కిన కాసేపటికి పలుకుతుంది. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్‌తో టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ ఎవరు తింటున్నారో చూడు. 4 జీబీ మిషన్లయితే క్రోమ్‌లో ట్యాబులు తగ్గించాల్సిందే. ఎన్‌వీడీఏలో బరువైన గొంతులు తీసేసి ఈస్పీక్ అనే తేలిక గొంతు పెట్టు. తెలుగు కూడా చదువుతుంది. గొంతు బాగుండదని పిల్లలు గొణుగుతారు, వారంలో అలవాటవుతుంది. ఇంకోటి, రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అనుకోకు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి చెత్త కొంత అలాగే దాచి ఉంచుతుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

రీస్టార్ట్ అంటే విసుక్కుంటావని తెలుసు. మా రోజుల్లో జాస్ అని ఇలాగే చదివే సాఫ్ట్‌వేర్ ఉండేది, అది కొనే స్తోమత లేక డెమోతో నెట్టుకొచ్చేవాళ్లం. 40 నిమిషాలకి అది ఆగిపోయేది, మళ్లీ మాట కావాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఒక ఉత్తరం టైప్ చేస్తే మధ్యలో రెండుసార్లు ఆపాలి. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు ఎన్‌వీడీఏ మొదలుపెట్టాడు, ఉచితంగా ఇచ్చాడు. అది మన దగ్గరికి చేరాక మొదటిసారి గడియారం చూసుకోకుండా పని చేశాను. మీ ల్యాబ్‌లో పిల్లలకి ఆ గడియారం సంగతి తెలియదు. తెలియక్కర్లేదు కూడా.

ఇక నా భయాలు. ర్యామ్, అంటే మెమరీ కార్డు, మార్చాలని క్యాబినెట్ విప్పితే ముందు గోడ నుంచి ప్లగ్ పీకెయ్యి, స్విచ్ ఆపితే చాలదు. ర్యామ్‌లో రకాలుంటాయి, డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 దిగదు, బలవంతంగా నొక్కకు. విండోస్ మెమరీ టెస్ట్ పెడితే నరేటర్ గానీ ఎన్‌వీడీఏ గానీ ఉండదు, గంట పట్టినా పట్టొచ్చు. చచ్చిపోయిందనుకుని తీగ పీకకు, దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఎవరైనా ఫోన్ చేసి "మేం దూరం నుంచి బాగుచేస్తాం, కోడ్ చెప్పమ్మా" అంటే పెట్టేసెయ్. స్క్రీన్ మీద వాళ్లేం చేస్తున్నారో మనకి కనపడదు. నిన్ను అనుమానించి కాదు తల్లీ, లోకాన్ని అనుమానించి చెబుతున్నాను.

ఈ వారంలో ఒక పని చెయ్యి. ఒక్కో కంప్యూటర్‌లో ర్యామ్ ఎంత, డిస్క్ పాతరకం హార్డ్ డిస్కా, కొత్తరకం ఎస్‌ఎస్‌డీనా, విండోస్ పదా పదకొండా రాసి పంపించు. పదుంటే దాని సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, వార్డెన్ గారితో ఆ సంగతి నేను కూడా మాట్లాడతాను. ముందు ఏ మిషన్‌కి డబ్బు పెట్టించాలో జాబితా వచ్చాక ఇద్దరం ఫోన్లో కూర్చుని తేలుద్దాం.

మీ మావయ్య