సింగపూర్‌లో రెస్టారెంట్ బిల్లు ఎందుకు పెరిగింది, పన్ను ఎలా వెనక్కి వస్తుంది?

మెనూలో ధర పక్కన ఉన్న "++" గుర్తు వల్లే మీ బిల్లు పెరిగింది. 100 సింగపూర్ డాలర్ల భోజనానికి 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తంపై 9 శాతం జీఎస్టీ కలిపి 119.90 అవుతుంది. పేరున్న రెస్టారెంట్లలో ఇది మామూలే. తిన్నదానిపై పన్ను తిరిగి రాదు, హోటల్ గదిపై కూడా రాదు.

ముస్తఫా సెంటర్ వంటి పెద్ద షాపుల్లో కొన్న వస్తువులపై మాత్రం వస్తుంది:

1. బిల్లు పన్నుతో కలిపి కనీసం 100 డాలర్లు ఉండాలి. ఒకే షాపులో ఒకే రోజు తీసుకున్న మూడు బిల్లుల వరకు కలపవచ్చు.

2. కొనేటప్పుడే అసలు పాస్‌పోర్టు చూపించండి. ఫోనులో ఫొటో చెల్లదు.

3. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఆ వస్తువులు పెద్ద సూట్‌కేసులో ఉంటే, దాన్ని విమాన సంస్థకు అప్పగించకముందే చాంగీ విమానాశ్రయం డిపార్చర్ హాల్లోని రిఫండ్ కియోస్క్ (పన్ను వాపసు కోరే యంత్రం) దగ్గరికి వెళ్లండి. కస్టమ్స్ వారు వస్తువు చూపమనవచ్చు. సూట్‌కేసు బెల్టు మీద వెళ్లిపోయాక ఏం చూపిస్తారు? అందుకే చీరలు, వాచీలు పైనే సర్దండి.

చేతి సంచిలోనివైతే ఇమిగ్రేషన్ దాటాక లోపలి కియోస్క్‌లో చేసుకోవచ్చు.