రొయ్యల గుంట అలారానికి ఊనో చాలా, ఈఎస్పీ32 కొనాలా?

అల్లూరు దగ్గర రెండు గుంటలు, ఒక్కోదానికి 2 హెచ్‌పీ త్రీఫేజ్ ఏరియేటర్, రాత్రి ఏది ఆగినా ఫోన్ మోగాలి. దానికి ఆర్డుయినో ఊనో బోర్డు చాలా, వైఫై ఉన్న ఈఎస్పీ32 బోర్డు కొనాలా, ఇదీ మీ ప్రశ్న.

దీనికి ఊనో చాలు. సెకనుకోసారి మోటారు తిరుగుతోందా లేదా చూసి, ఆగితే ఒక నంబరుకు ఫోన్ కొట్టడానికి 2 కేబీ ర్యామ్ ఎక్కువే. తలనొప్పంతా సెన్సర్ దగ్గర, పవర్ దగ్గర.

ఒక ఫేజు పోయినా తిరిగే మోటారు మామూలుగా ఆగదు, పోయిన తీగలోకి తనే వోల్టేజి తోస్తుంది. ఫేజుకో రిలే పెట్టి వోల్టేజి చూశారంటే మూడూ ఉన్నట్టే కనపడి, ఈలోపు వైండింగ్ మాడుతుంది. కాబట్టి వోల్టేజి కాదు, తీగలో పారే కరెంటు (ఆంపియర్లు) చూడండి. ఎస్‌సీటీ-013లో 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇచ్చే క్లాంపు (తీగ చుట్టూ బిగించే కరెంటు సెన్సర్) తీసుకోండి. ఈ మోటారు లాగేది 3 ఆంపియర్ల చిల్లర, అంటే వచ్చేది 0.1 వోల్టే. మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గర తీగ విప్పి క్లాంపులోంచి మూడుసార్లు దూర్చండి, మూడింతలవుతుంది. క్లాంపు రెండో కొసను రెండు 10కే రెసిస్టర్లతో 2.5 వోల్టుల మీద కూర్చోబెట్టి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయాలి. లేకపోతే ఏసీలో మైనస్ సగం నేరుగా పిన్నుకు తగులుతుంది.

రెండు మోటార్లకు ఆరు క్లాంపులు, ఊనోలో అనలాగ్ పిన్నులూ ఆరే. అయితే ఏ4, ఏ5 రెండు తీగల ఐ2సీ డిస్‌ప్లేకీ కావాలి. డిస్‌ప్లే పెట్టేట్టయితే నానో కొనండి, చిప్ అదే, ఏ6, ఏ7 అదనం.

ఫోన్‌కు సిమ్800ఎల్, అంటే సిమ్ వేసే చిన్న ఫోన్ బోర్డు. దానికి 3.4 నుంచి 4.4 వోల్టులే, ఊనో 5 వోల్టుల పిన్ను నుంచి ఇవ్వొద్దు. నెట్‌వర్క్‌తో మాట్లాడేటప్పుడు ఒక్క గుక్కలో 2 ఆంపియర్ల దాకా లాగి రీసెట్ అవుతుంది, మీరేమో ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. లిథియం సెల్ నుంచే ఇచ్చి, పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఇది 2జీ, జియో సిమ్ పనికిరాదు. కరెంటు పోయినప్పుడే కదా ఇది అరవాల్సింది, ఊనోకూ బ్యాటరీ ఉండాలి.

షెడ్డులో వైఫై ఉండి, తెల్లారుజామున పడిపోయే ఆక్సిజన్‌ను ఫోన్‌లో గ్రాఫుగా చూడాలనుకుంటే అప్పుడు ఈఎస్పీ32. హెచ్‌టీటీపీఎస్ (నెట్‌కు డేటా భద్రంగా పంపే పద్ధతి) ఊనో 2 కేబీలో పట్టదు మరి. ఈఎస్పీ32లో పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సెన్సర్‌ను నేరుగా తగిలించకండి. వైఫై నడుస్తుంటే అనలాగ్ పిన్నుల్లో ఏడీసీ2 అనే గుంపును చదవలేం, సెన్సర్లు జీపీఐఓ (పిన్ను నంబరు) 32 నుంచి 39 మధ్యే పెట్టాలి. రిలే బోర్డును జీపీఐఓ12కి కలిపితే, ఆన్ చేసేటప్పుడు ఆ పిన్ను హైలో ఉండి అసలు బూట్ కాకపోవచ్చు.

ఏది కొన్నా జంపర్ వైర్లతో వదిలేయొద్దు. ఆ ఉప్పుగాలికి పిన్నులు చిలుమెక్కుతాయి, టంకం పెట్టి వార్నిష్ పూయండి.