గ్రూప్ చాట్ టూల్స్ డిజైన్ మీద పరిశోధన అంటే ఏం చేస్తారు?

ఒక తలుపు సంగతితో చెప్తాను. ఐబీఎం పరిశోధకులు థామస్ ఎరిక్సన్, వెండీ కెలాగ్ పనిచేసిన భవనంలో మెట్ల దగ్గర ఒక తలుపు ఉండేది. విసురుగా తోస్తే అవతలివాళ్లకు తగులుతుంది. ‘నెమ్మదిగా తెరవండి’ అని బోర్డు పెట్టినా పెద్దగా లాభం లేకపోయింది. అదే తలుపుకి అద్దం ఉంటే? అవతలి మనిషి కనిపిస్తాడు, చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.

మరి చాట్‌లో ఆ అద్దం ఎలా పెట్టాలి? వాళ్లు తయారుచేసిన ‘బ్యాబుల్’ అనే చాట్ టూల్‌లో ఒక పెద్ద వృత్తం, అందులో మనుషులకు బదులు రంగు చుక్కలు. రాస్తున్నా, చదువుతున్నా మీ చుక్క మధ్యలో ఉంటుంది; ఊరికే వదిలేస్తే మెల్లగా అంచుకు జారిపోతుంది. అంటే నోరు మెదపకుండా వింటున్నవాళ్లు కూడా కనిపిస్తారు. దీని మీద వాళ్ల వ్యాసం 2000లో వచ్చింది. వాట్సాప్ నీలం టిక్కులదీ కొంతవరకు ఇదే పని, కాకపోతే టెన్షన్ ఎక్కువ!